ఆ గుహ పుస్తకంలో లేదు

ప్రశ్న:

నమస్కారం. నాకు 43 ఏళ్లు. చిన్నప్పుడు నేను పుస్తకాల పురుగుని. పదేళ్లప్పుడు జ్వరంతో మంచంలో ఉంటే మా బాబాయి ఒక సాహసగాథ తెచ్చి పక్కన పడేసి వెళ్లాడు. ముగ్గురు పిల్లలు, ఒక దీవి, ఆ దీవిలో ఒక గుహ. వాళ్లు ఆ గుహలోకి వెళ్లే ఘట్టం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. పైనుంచి బొట్టుబొట్టుగా నీళ్లు కారడం, తడిసిన రాళ్ల వాసన, చేతిలో దివిటీ రెపరెపలాడడం... అక్కణ్ణించి చదవడం నాకు ప్రాణమైపోయింది.

మావాడికి 11 ఏళ్లు. మొన్న వాడి పుట్టినరోజుకి ఆ పుస్తకం పాత ప్రతి ఒకటి వెతికి వెతికి సంపాదించి ఇచ్చాను. నాలుగు పేజీలు తిప్పి "తర్వాత చదువుతాలే" అన్నాడు. ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు. నా చిన్ననాటి పుస్తకాలు పాతిక దాకా వాడి గదిలో అలమరలో వరసగా పేర్చాను. ఒక్కటీ ముట్టడు. ఎప్పుడు చూసినా ఫోనో, లేదంటే ఆ పాముల పుస్తకమో. అదీ అట్ట ఊడిపోయి దారాలు వేలాడుతున్నాయి. పారేద్దామంటే ఏడుపు.

సరే, నేనే చదివి వినిపిద్దామని ఆ సాహసగాథ తెరిచాను. చెబితే నమ్మరు, గుహ గురించి అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. "ముగ్గురూ గుహలో ప్రవేశించారు." అంతే. నీళ్లూ లేవు, వాసనా లేదు. భాష కూడా చప్పగా ఉంది. ఇన్నేళ్లూ నెత్తిన పెట్టుకున్నది దీన్నా అనిపించి, ఏదో పోగొట్టుకున్నట్టయింది. నిజం చెప్పొద్దూ, నేను కూడా ఒక పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివి రెండేళ్లు దాటింది.

మావాడికి చదువుకోవడం మీద ప్రేమ ఎలా కలిగించాలి? ఏ పుస్తకాలతో మొదలుపెట్టించాలి? ఒక జాబితా ఇచ్చి పుణ్యం కట్టుకోండి.

– ఒక అమ్మ

సమాధానం:

అమ్మా, జాబితా అడిగారు. ముందే చెప్పేస్తున్నాను, ఇవ్వను. ఇవ్వలేక కాదు. పిల్లల గ్రంథాలయంలో 26 ఏళ్లు పనిచేసినవాళ్లని నిద్రలో లేపి అడిగినా యాభై పేర్లు చెబుతారు. కానీ మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే, మీవాడికి కావలసిన పుస్తకం ఏదో మీరే రాసేశారని తట్టింది. అదీ ఫిర్యాదులాగా, ఫోను పక్కన కూచోబెట్టి మరీ రాశారు. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ గుహ సంగతి తేల్చాలి.

ఆ ఒక్క వాక్యం చూసి మీరు మోసపోయినట్టు బాధపడ్డారు. మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా సంతోషం కలిగించింది మాత్రం అదే. లెక్క చూసుకోండి. పుస్తకం మీకిచ్చింది మూడు మాటలు. కారే నీళ్లు, రాళ్ల వాసన, దివిటీ రెపరెప ఎవరు తెచ్చారు? జ్వరంతో పడుకున్న ఒక పదేళ్ల పిల్ల తెచ్చింది. ఆ వాసన అంతకుముందెప్పుడో ఏ నూతి గట్టు దగ్గరో పీల్చినదై ఉంటుంది. నీళ్ల చప్పుడు బహుశా ఆ రాత్రి ఇంట్లో ఎవరో సరిగా కట్టేయని కుళాయిది. దివిటీ వేడి మీ ఒంటి జ్వరానిదేనేమో, ఎవరు చెప్పొచ్చారు! అవన్నీ కలిపి ఒక గుహ కట్టుకున్నారు. ఎంత గట్టిగా కట్టుకున్నారంటే 33 ఏళ్ల తర్వాత కూడా ఒక్క రాయి కదల్లేదు. రచయిత తలుపు చూపించాడు, లోపల ఉన్నదంతా మీ సొంత సామానే.

ఇలా అయింది మీ ఒక్కరికే కాదు. ట్రెజర్ ఐలండ్ రాసిన స్టీవెన్‌సన్‌కీ అయింది. తెలుగులో నండూరి రామమోహనరావు గారి కాంచనద్వీపంగా ఎంతోమంది చదువుకున్న కథ అది. 1881లో, స్కాట్లండులో, బయట ఒకటే వాన. ఇంట్లో అతని భార్యకి మొదటి భర్తవల్ల పుట్టిన కొడుకు లాయిడ్, 13 ఏళ్లవాడు, రంగుల పెట్టె ముందేసుకుని బొమ్మలు గీస్తుండేవాడు. వాడితోపాటు కూచుని స్టీవెన్‌సన్ ఒక దీవి పటం గీసి రంగులు వేశాడు. దానికి పేర్లు పెట్టాడు. ఆ పటం చూస్తూ ఉంటే అందులోంచి మనుషులు నడిచి వచ్చారు, కథ వచ్చింది. 1883లో పుస్తకంగా వేస్తున్నప్పుడు రాతప్రతితో పాటు పంపిన ఆ పటం కాస్తా ఎక్కడో పోయింది. పటం లేకుండా ఆ పుస్తకం ఎలా? చేసేదిలేక తను రాసిన కథే మళ్లీ మొదటినుంచీ చదువుకుంటూ, ఏ కొండ ఏ దిక్కున ఉందని రాశానో ఏరుకుంటూ, కొలతలు వేసుకుంటూ కొత్త పటం తయారుచేశాడు. ఇప్పుడు మనం పుస్తకంలో చూసేది అదే. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ తనకి మాత్రం అది ఎన్నడూ ఆ దీవి అనిపించలేదని తర్వాత ఒక వ్యాసంలో చెప్పుకున్నాడు.

రాసినవాడికే దారి దొరకలేదు. మీరు చేసింది కూడా ఆ పనే. పోయిన పటాన్ని పాఠంలోంచి తిరిగి ఏరుకుందామని చూశారు. అది అందులో ఉండదు. మీరు పోగొట్టుకున్నది కూడా ఏమీ లేదు. మీ గుహ మీ దగ్గరే ఉంది, ఉత్తరంలో నాకు చూపించారు కూడా.

ఇక్కడ ఒక పిడకల వేట. మీకు చప్పగా అనిపించిన ఆ భాష పిల్లలకి కొన్నిసార్లు మేలే చేస్తుంది. ఈమధ్య కొన్ని పిల్లల పుస్తకాలు చూస్తే నాకు ఊపిరాడదు. గుహ అంటే గుహలో ప్రతి గబ్బిలం రెక్కా వర్ణించి పెడతారు. ఇంక పిల్లవాడు చేయడానికి పనేం మిగిలింది? "గుహలో ప్రవేశించారు" అని ఊరుకున్న రచయితకి బద్ధకమో తెలివో నాకు తెలియదు గాని, మీకు చాలా చోటు వదిలిపెట్టాడు.

ఇక మీవాడు. మీ ఉత్తరంలో బాబాయి గురించి ఒక మాట రాశారు: "తెచ్చి పక్కన పడేసి వెళ్లాడు." ఆ వెళ్లడం నాకు చాలా నచ్చింది. ఆయన మళ్లీ వచ్చి ఎన్ని పేజీలయ్యాయని అడిగాడా? నచ్చిందా అని మొహంలోకి చూశాడా? లేదు. ఆయన దారిన ఆయన పోయాడు. ఆ మధ్యాహ్నం, ఆ జ్వరం, ఆ పుస్తకం, మీరు. చూసేవాళ్లెవరూ లేరు. మీరు మాత్రం పుట్టినరోజున, బోలెడంత ప్రేమతో, ఎన్నాళ్లో వెతికి తెచ్చి, చేతిలో పెట్టి ఎదురుగా నిలబడ్డారు. పాపం పిల్లవాడికి అందులో పుస్తకం కనబడి ఉండదు, అమ్మ ఆశ కనబడి ఉంటుంది. అది నచ్చకపోతే అమ్మ నచ్చనట్టు. అంత బరువు ఉన్నదాన్ని ఎవరు ఎత్తుకుంటారు? "తర్వాత చదువుతాలే" అని మర్యాదగా దించేశాడు.

నేనేదో తెలిసినవాళ్లలా నీతులు చెబుతున్నానని అనుకోకండి. ఈ తప్పు నేను మీకంటే ఘనంగా చేశాను. ఊళ్లో పిల్లలందరికీ వాళ్లకు కావలసినవి ఇచ్చి పంపేదాన్ని, ఇంటికొచ్చి మా అమ్మాయికి మాత్రం నాకు కావలసినవి ఇచ్చేదాన్ని. నా చిన్నప్పటి ఇష్టమైన నవల ఒకటి, రోజుకి పది పేజీలు అని నియమం పెట్టాను. బుక్‌మార్కు కూడా నేనే పెట్టేదాన్ని. రోజూ రాత్రి చూసుకునేదాన్ని, ఠంచనుగా పది పేజీలు ముందుకి జరిగేది. మురిసిపోయేదాన్ని. ఒకరోజు దుమ్ము దులుపుతూ ఆ పుస్తకం తిరగేస్తే, మధ్యలో రెండు కాగితాలు పైఅంచున కలిసే ఉన్నాయి. ప్రెస్సువాళ్ల కత్తి తప్పించుకున్న మడత, ఎవరూ కోసి విడదీయలేదు. బుక్‌మార్కు చూస్తే దానికి 80 పేజీల అవతల ఉంది! మా అమ్మాయి నెల్లాళ్లుగా చదివింది నవల కాదు, నన్ను. నేను చూసే వేళకి బుక్‌మార్కు ఎక్కడుండాలో దానికి బాగా తెలుసు. కోప్పడలేదు, కోప్పడడానికి మొహం చెల్లలేదు. ఆ కాగితాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, కోయలేదు.

మాకు గ్రంథాలయ శాస్త్రంలో మొట్టమొదట నేర్పేవి ఐదు సూత్రాలు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసినవి. పుస్తకాలు వాడకం కోసం అన్నది మొదటిది. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అన్నవి రెండూ మూడూ. పరీక్షలో గడగడా రాసేశాను. ఆ రెండోదానిలో "తన" అనే చిన్న మాట ఉందని మాత్రం మా అమ్మాయి బుక్‌మార్కు చూశాకే తెలిసింది.

అసలు సంగతికి వద్దాం. పాముల పుస్తకం.

అట్ట ఊడింది. దారాలు వేలాడుతున్నాయి. పారేస్తానంటే ఏడుస్తున్నాడు. అమ్మా, ఇంతకంటే రుజువేం కావాలి? కొత్త పుస్తకం అట్ట దానంతటది ఊడిపోదు. వెన్ను దగ్గర కుట్టు తెగాలంటే వందలసార్లు తెరిచి, బోర్లా పెట్టి, మళ్లీ తెరవాలి. మీ అలమరలోని పాతిక పుస్తకాలని మీరు చిన్నప్పుడు ఏం చేశారో, వాడు ఆ ఒక్కదాన్నీ అదే చేస్తున్నాడు. మీరు కథ కోసం చూస్తున్నారు గనక అది మీకు చదవడంలా కనబడలేదు. పైగా ఫోనుతో జతకట్టి రాసేశారు. అన్యాయం కాదూ?

ఇది మీ ఒక్కరి పొరపాటు అనను. పెద్దవాళ్లకి చాలామందికి, అందులోనూ కథలతో పెరిగినవాళ్లకి, చదవడం అంటే కథలు చదవడమే. మిగతాదంతా సమాచారం. పిల్లల లోకం అలా ఉండదు. పాముకి కనురెప్పలు ఉండవని, కంటిమీద కళ్లద్దంలాంటి పారదర్శకమైన పొలుసు ఉంటుందని, కుబుసం విడిచినప్పుడు ఆ పొలుసు కూడా దాంతోపాటే ఊడొస్తుందని మొదటిసారి చదివిన పిల్లవాడికి, మీకు గుహలో ఒళ్లు జలదరించినట్టే జలదరిస్తుంది. రాచనాగు, కింగ్ కోబ్రా అంటున్నామే, ఆడది ఎండుటాకులన్నీ ఒంటి చుట్టలతో లాక్కుని పోగుచేసి గూడు కడుతుంది, గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. చేతులు లేని జీవి గూడు ఎలా కట్టిందో ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ఊహించండి. అది మీ గుహకంటే ఏం తీసిపోయింది?

మా గ్రంథాలయంలో ఒక కుర్రాడుండేవాడు. ఓడల పుస్తకం ఒకటే తీసుకునేవాడు. వెనక అట్టలోపల తేదీల కాగితం అంటించి ఉంటుంది కదా, దానిమీద వరసగా 14 ముద్రలు, అన్నీ వాడివే. తెచ్చి ఇవ్వడం, నేను ముద్ర కొట్టడం, మళ్లీ పట్టుకుపోవడం. వాళ్లమ్మ వచ్చి మీలాగే గోలపెట్టింది, మంచి కథల పుస్తకాలేవైనా అంటగట్టమని. నేనూ కాదనలేక రెండు మూడు చూపించాను. వాడు ముట్టలేదు. పదిహేనోసారి వచ్చినప్పుడు బల్ల దగ్గర నిలబడి, చాలాసేపు గుటకలు మింగి, "మునిగిపోయిన ఓడల్లో ఉన్నవాళ్ల కథలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. ఓడ అయిపోయింది, మనుషులు కావలసివచ్చారు. ఆ రోజు ఇచ్చినవన్నీ పట్టుకుపోయాడు. పెద్దయ్యాక వాడేమయ్యాడో నాకు తెలియదు. అది ముఖ్యం కూడా కాదు. ఆ పద్నాలుగు ముద్రలూ వృథా కాలేదు, పదిహేనో ప్రశ్న వాటిలోంచే వచ్చింది.

కాబట్టి ఇప్పుడే పరుగెత్తి పాముల కథల పుస్తకాలు కొనుక్కురాకండి. ఇది మాత్రం నమస్కారం పెట్టి చెబుతున్నాను. "నీకు పాములంటే ఇష్టం కదా, ఇదిగో" అన్నారంటే వాడి రాజ్యంలోకి మీరు అధికారం పట్టుకుని వచ్చినట్టే. వాడే అడిగితే అప్పుడు 1894లో వచ్చిన జంగిల్ బుక్‌లో ముంగిస కథ ఉంది, అది ఇవ్వండి. అందులో ముంగిస నాయకుడు, తాచుపాములు దుర్మార్గులు. పాములంటే ప్రాణమిచ్చేవాడికి ఒళ్లు మండొచ్చు. మండనివ్వండి. రచయితతో దెబ్బలాడే పాఠకుడు ఎక్కడికీ పారిపోడు.

మరి వాడితో పుస్తకాల గురించి మాట్లాడొద్దా? మాట్లాడండి, అడిగే పద్ధతి ఉంది. బేతాళుణ్ణి చూసి నేర్చుకోండి. పదకొండో శతాబ్దంలో సోమదేవుడి కథాసరిత్సాగరంలో పాతిక బేతాళ కథలున్నాయి. ఆ పాతికా చాలక 1947 జులైలో మొదలైన మన చందమామ కొత్త కథలు కల్పించి దశాబ్దాలపాటు బేతాళుడిచేత చెప్పిస్తూనే పోయింది. కథ చెప్పడం అయ్యాక బేతాళుడు ప్రశ్న అడుగుతాడు. ఏమడుగుతాడు? "రాజుగారి పేరేమిటి? ఆయనకెంతమంది కొడుకులు? ఈ కథలోని నీతి ఏమిటి?" అని ఒక్కనాడూ అడగలేదు. ఈ ముగ్గురిలో ఎవరిది గొప్ప త్యాగం, వాడు ఎందుకు నవ్వాడు, ఎందుకు ఏడ్చాడు, ఇలాంటివి అడుగుతాడు. తనకి జవాబు తెలిసి పరీక్ష పెడుతున్నట్టుండదు, ఆ శవం నిజంగానే తెలుసుకోవాలని తహతహలాడుతున్నట్టుంటుంది. మనం పిల్లల్ని అడిగేవన్నీ మొదటి రకం. బడి పుస్తకం పాఠం చివర అచ్చు వేసినట్టుంటాయి. కాకి, ఎలుక, తాబేలు, లేడి స్నేహం కథ అమ్మమ్మ నోట విన్నప్పుడు కమ్మగా ఉండి, పాఠంగా వచ్చి కింద ఐదు ప్రశ్నలు చేరేసరికి అదే కథ చేదెక్కడం మనలో ఎంతమందికి అనుభవం కాలేదు!

ఇంకోటి. ఆ పాతిక కథల్లో చివరిదానికి రాజుకి జవాబు దొరకదు. దొరకక ఏమీ మాట్లాడకుండా శవాన్ని మోసుకుంటూ నడుస్తాడు. బేతాళుడు తల పగలగొట్టలేదు, మెచ్చుకున్నాడు. దానియల్ పెనాక్ అని ఫ్రెంచి రచయిత, చాలా ఏళ్లు పంతులుగా పనిచేసినవాడు. 1992లో పాఠకుడికి పది హక్కులు ఉన్నాయని రాశాడు. అసలు చదవకపోవడం మొదటి హక్కట. పేజీలు దాటేయడం, మధ్యలో ఆపేయడం, చదివిందే మళ్లీ చదవడం కూడా ఉన్నాయి. పదో హక్కు, చదివినదాని గురించి నోరు మెదపకపోవడం. నేను పిల్లల దగ్గర ఎక్కువసార్లు కాలరాసిన హక్కు అదేనేమో అనిపిస్తుంది. మీ గుహ గురించి పదేళ్లప్పుడు మీరు ఎవరికైనా చెప్పారా? చెప్పి ఉంటే ఎవరో ఒకరు "గుహలో నీళ్లు కారాయని పుస్తకంలో ఎక్కడుంది?" అని ఉండేవారు. గుహ అక్కడే కూలిపోయేది.

ఫోను గురించి పెద్దగా చెప్పను, చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కటే. మీ బాబాయి పుస్తకం పడేసి వెళ్లినప్పుడు ఆ మంచం దగ్గర ఇంకేం లేదు. విసుగు పుట్టాకే మీరు దాన్ని అందుకున్నారు. వారంలో ఒకటి రెండు పూటలు ఇంట్లో అందరి ఫోన్లూ, అందరివీ అంటున్నాను, ఏదో ఒక డబ్బాలో పడేయండి. దానికి బదులుగా చదవమని మాత్రం చెప్పకండి. విసుక్కోనివ్వండి.

అలమరలోని పాతిక పుస్తకాలూ తీసేసి మీ గదిలో, మీ మంచం పక్కన పెట్టుకోండి. అవి మీవి. గ్రంథాలయంలో నేను చూసిన చిత్రం ఏమిటంటే, పిల్లల గదిలో అందంగా అమర్చినవాటికంటే, పెద్దల విభాగంలో "ఇవి నీకు కావు" అన్నట్టు కూచున్న పుస్తకాల మీదే వాళ్ల కన్ను ఎక్కువ పడేది. ఆశతో ఈ పని చేయమనడం లేదు, మీవాడు రాకపోవచ్చు కూడా. రాకపోతే పోనీ. రెండేళ్లుగా పుస్తకం పూర్తిచేయలేదన్నారు కదా, అవి మీకే కావాలి. బరువైన నవలతో మొదలుపెట్టి మిమ్మల్ని మీరు పరీక్షించుకోకండి. సన్నపాటిది, ఎప్పుడో చదివేసినది, కథ తెలిసినది తీసుకోండి. నచ్చకపోతే మధ్యలో వదిలేయండి, హక్కుంది.

చివరిగా, ఆ పాముల పుస్తకానికి చేయవలసింది ఒకటుంది. చిరిగిన పుస్తకాలని మా దగ్గర ఏడాదికోసారి ఏరి పక్కన పెట్టేవాళ్లు, లెక్కలోంచి కొట్టేయడానికి. ఆ కుప్ప చూస్తే నాకు దిగులేసేది, ఎందుకంటే పిల్లలు బాగా ప్రేమించినవన్నీ అందులోనే ఉండేవి. ఎవరూ తెరవనివి మాత్రం అల్మారాల్లో నిగనిగలాడుతూ క్షేమంగా ఉండేవి. అందుకని కొన్నింటిని దొంగతనంగా పక్కకి లాగి బైండింగు చేయించేదాన్ని. మీరూ చేయించండి. ఈలోగా ప్రేమకొద్దీ టేపు అంటించకండి. కొన్నాళ్లకి ఆ జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. బైండరు దగ్గరికి వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లండి, కుట్టు ఎలా వేస్తారో చూస్తాడు. అంచులు కత్తిరించవద్దని బైండరుకి మరీ మరీ చెప్పండి. వాళ్లకి అంచు సాఫుగా కనబడాలని కత్తి వేసే అలవాటు.

ఎందుకు వద్దంటున్నానంటే, బైండింగుకి ఇచ్చేముందు ఆ పుస్తకాన్ని మూసి, వెన్ను అటు తిప్పి, కాగితాల అంచు మీకు ఎదురుగా వచ్చేలా పట్టుకుని చూడండి. మేం గ్రంథాలయంలో ఇలాగే చూసేవాళ్లం. అంచంతా ఒకే రంగులో ఉండదు. పిల్లల వేళ్ల మట్టి, చెమట ఎక్కువసార్లు తగిలినచోట నల్లటి గీతలా పడి ఉంటుంది. జంతువుల విజ్ఞానసర్వస్వంలో అయితే డైనోసార్ల దగ్గర, శరీరం గురించిన పుస్తకంలో ఎక్కడో మీరే ఊహించుకోండి. మీ సాహసగాథ చిన్నప్పటి ప్రతి దొరికితే దానికీ ఒకచోట ఉండేది.

మీవాడి పుస్తకంలో ఆ గీత ఎక్కడ ఉందో చూసి, సరిగ్గా అక్కడ తెరిచి, "ఇక్కడేముందిరా?" అని అడగండి. ఏమీ చెప్పకపోతే మూసి వాడి చేతికిచ్చేయండి. చెప్పడం మొదలుపెడితే, పొయ్యి మీద ఏమున్నా కట్టేసి వచ్చి కూచోండి.